ముద్దాయి వేపచెట్టు

తొలకరి జల్లుకు బాత్‌రూమ్‌లో నీళ్ళు వెనక్కి తన్నాయంటే మన కాలనీల్లో విచారణ ఎంతోసేపు సాగదు. ముద్దాయి గేటు పక్కనే నిలబడి ఉంటుంది. పారిపోదు, లాయర్ని పెట్టుకోదు. సాయంత్రానికల్లా రంపంతో మనుషులు దిగుతారు. చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది కదా అని ఎవరైనా నసిగితే, "ఇల్లు కూలాక తీసుకుంటాం లెండి" అని జవాబు.

చెట్టు పడ్డాక, అప్పుడు చాంబర్ మూత లేపుతారు. ప్లంబర్ వెదురు బద్ద దింపి నాలుగుసార్లు తిప్పి లాగితే గోధుమరంగు వేళ్ళ కట్ట బయటికొస్తుంది, అచ్చం పాతకాలపు సవరంలా. అందులో చిక్కుకున్న అన్నం మెతుకులు, షాంపూ ప్యాకెట్లు, గడ్డకట్టిన నూనె జిడ్డు. ఇంటాయన ఫొటో తీసి కాలనీ గ్రూపులో పెడతాడు: "చూశారా, నే చెప్పలేదూ!" ఆ కట్ట దూరిన సందును మాత్రం ఎవరూ ఫొటో తీయరు.

అది దూరింది అతుకులోంచి. పాత ఇళ్ళలో స్టోన్‌వేర్ గొట్టాలను ఒకదాని మూతిలో ఒకటి పెట్టి మధ్యన సిమెంటు కూరేవారు. నేల కాస్త సర్దుకుంటే ఆ సిమెంటు పగిలి చెమ్మ ఊరుతుంది. వేరు తడి ఉన్నవైపు పెరుగుతుంది. వెంట్రుకవాసి సందు దొరికితే కొస దూరుస్తుంది. లోపల నీళ్ళూ ఎరువూ రెండూ ఉచితం కాబట్టి లావెక్కుతుంది, దాంతో పగులు పెద్దదవుతుంది. అంతేగానీ, నిక్షేపంలాంటి గొట్టాన్ని బయటినుంచి గుద్ది బద్దలుకొట్టే అలవాటు వేపకు లేదు. పీవీసీ వచ్చాక అతుకుల బెడద చాలా తగ్గాల్సిందే. కానీ పైపును సాకెట్‌లోకి సగమే తోసి సొల్యూషన్ పైపైన పూసిందీ, అడుగున ఇసుక పరవకుండా రాళ్ళమీదే పడుకోబెట్టి మట్టి కప్పేసిందీ మనుషుల చేతులే. ఆ చేతులకు గృహప్రవేశం నాడు కొత్తబట్టలు పెట్టి పంపాం.

రంపం దాకా పోని దయామయులూ ఉన్నారు. వాళ్ళు యాసిడ్ పోస్తారు. బాత్‌రూమ్ యాసిడ్ సిమెంటును తినేస్తుంది. అంటే వేళ్ళు వచ్చే తలుపును ఇంకాస్త బార్లా తెరవడానికి సీసాల కొద్దీ ఖర్చుపెడుతున్నారన్నమాట. మైలుతుత్తం పోస్తే గొట్టంలోని వేళ్ళు చస్తాయి, నిజమే. చెట్టు బతికి, సందు అలాగే ఉంటే కొత్తవి వస్తాయి. మురుగు సెప్టిక్ ట్యాంకులోకి పోయే ఇంట్లో అయితే అక్కడ మలాన్ని అరిగించే సూక్ష్మజీవులకూ అదే విషం. చెట్టు మొదట్లో చిల్లుపెట్టి ఇంగువ కూరమనే పెద్దలకు వేరే దండం.

ఇక పునాది సంగతి. హైదరాబాద్ కొండల మీద ఇల్లు కట్టేవాళ్ళు సెల్లార్ తవ్వడానికి పేలుడు మందు పెట్టి బండలు పగలగొడతారు. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ అది. దానిమీద కూర్చున్న మూడంతస్తుల భవనాన్ని గేటు పక్క కానుగచెట్టు ఎత్తేస్తుందట! చెట్టు వేళ్ళలో ఎక్కువ భాగం పైన రెండు మూడు అడుగుల మట్టిలోనే పాకుతాయి. అవి ఎత్తగలిగేది ఫుట్‌పాత్ పలకలను, లోతులేని ప్రహరీగోడను.

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడిలో కథ వేరు. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పెద్దచెట్టు వేసవిలో నీళ్ళు లాగేస్తే నేల మరింత కుంగి గోడ బీటవారవచ్చు. అక్కడ భయం న్యాయమే. కానీ భయపడి చెట్టును ఒక్కసారిగా నరికేస్తే, ఇన్నేళ్ళూ అది లాగుతూ వచ్చిన నీళ్ళు మట్టిలోనే నిలిచి నేల ఉబ్బి, గోడ ఈసారి పైకి కదలవచ్చు. రేగడిలో చెమ్మ మారని లోతుదాకా దిగి అడుగున వెడల్పయ్యే పైల్స్ పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించి దశాబ్దాలైంది. దాన్ని అడిగి కట్టించుకునేవారికన్నా వాస్తు అడిగి కట్టించుకునేవారే ఎక్కువ.

చెట్లన్నీ అమాయకులేం కావు. పశువులు తినవు, ఎప్పుడూ పచ్చగా ఉంటుందని రోడ్ల పొడవునా నాటిన కోనోకార్పస్ వేళ్ళు పైపులైన్ల జోలికి వెళ్ళడం గల్ఫ్ దేశాలు ముందే చూశాయి. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. అయితే దాన్ని నర్సరీ నుంచి తెచ్చి పైపు మీదే గొయ్యి తీసిందెవరు?

నిజంగా గోడ చీల్చే చెట్టు మరొకటి ఉంది. కాకి రెట్టలో విత్తనంగా వచ్చి పిట్టగోడ పగులులో మొలిచే రావి. దాని వేరు ఇటుకల మధ్య నుంచి సన్‌షేడ్ దాకా దిగుతుంది. దాన్ని మాత్రం ఎవరూ ముట్టరు. దైవవృక్షం, కళ్ళు పోతాయి. వేలెడు ఉన్నప్పుడు పీకేస్తే పోయేదానికి బొట్టు పెడతారు, మూరెడయ్యాక నీళ్ళు పోస్తారు, గోడ నోరు తెరిచాక పెయింటర్‌ని పిలిచి లప్పం పెట్టిస్తారు.