కొత్త డిస్కు, పాత ధైర్యం

నెల్లూరు తీరంలో హార్డ్ డిస్కు పాడవడానికి ఎవరూ కష్టపడక్కర్లేదు. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఉప్పుగాలే ఆ పని చూసుకుంటుంది. డిస్కుతోపాటు అందులోని పెళ్ళి వీడియోలు, రొయ్యల గుంటల లెక్కలు, జీఎస్టీ బిల్లులు ఒక్కటీ మిగలకుండా పోవాలంటేనే కొంచెం క్రమశిక్షణ కావాలి. అది అలవరచుకోదలచిన వారికి ఈ సూచనలు.

ముందుగా చప్పుడు సంగతి. పాత డిస్కు టిక్కు టిక్కుమంటే అస్సలు పట్టించుకోకూడదు. లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతుంటాయి. వాటిని చదివే హెడ్డు కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. దానికి చదవాల్సిన చోటు దొరక్క, మొదటికొచ్చి మళ్ళీ వెతుక్కునేటప్పుడు తరచుగా వినిపించేదే ఆ టిక్కు. అప్పుడు కరెంటు తీసేసి, డేటా రికవరీ తెలిసినవాళ్ళ చేతికిస్తే కొంతైనా దక్కవచ్చు. కాబట్టి అలా చేయరాదు. స్టార్టవని స్కూటర్ని కిక్కు కొట్టినట్టు పది పదిహేనుసార్లు ఆపి వెలిగించాలి. హెడ్డు పళ్ళేన్ని గీకడం మొదలుపెట్టిందంటే పని సగం అయినట్టే.

చెడిపోయిన చోట్లు ఎన్ని ఉన్నాయో, ఎన్నిటిని పక్కనపెట్టి వేరేచోట రాసుకుందో డిస్కే లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క పేరు స్మార్ట్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి, అనుమానం ఉంటే పసుపు రంగులో హెచ్చరిస్తుంది. పసుపు శుభప్రదం, కాబట్టి కంగారు పడనవసరం లేదు.

ఇక కొత్త డిస్కు. పెట్టె తెరవగానే పైమూత మీద గుండుసూది తలంత చిన్న రంధ్రం, దాని పక్కనే ‘ఈ రంధ్రాన్ని మూయవద్దు’ అన్న హెచ్చరిక చాలా డిస్కుల మీద కనిపిస్తాయి. లోపలి గాలి ఒత్తిడి, బయటి ఒత్తిడి సమానంగా ఉండటానికి ఆ ఏర్పాటు. రంధ్రం వెనకున్న వడపోత దుమ్మును ఆపుతుంది గానీ తేమను పూర్తిగా ఆపలేదు. 2013 నుంచి వస్తున్న హీలియం డిస్కులకు ఈ రంధ్రమే ఉండదు, అవి సీలు వేసి వస్తాయి. మామూలు డిస్కు కొన్నవారు గ్యారంటీ స్టిక్కరును సరిగ్గా ఆ రంధ్రం మీదే అంటించి, సీపీయూను సముద్రం వైపు కిటికీ కింద పెట్టుకోవడం ఉత్తమం.

బిగించాక విండోస్‌లో ఒక టీబీ డిస్కు 931 జీబీ అని చూపిస్తుంది. షాపువాడు మిగతాది మింగేశాడని గొడవకు దిగడానికి ఇదే సమయం. నిజానికి కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1,024తో లెక్కిస్తుంది. ఆ సంగతి షాపువాడికీ సరిగా తెలియకపోతే గొడవ ఇంకా రక్తి కడుతుంది. నాలుగు టీబీల డిస్కు కొన్నవాళ్ళు మాత్రం విభజన పద్ధతి ‘ఎంబీఆరా, జీపీటీయా’ అని విండోస్ అడిగినప్పుడు చదవకుండా ఎంబీఆర్ నొక్కాలి. అప్పుడు రెండు టీబీల దాకానే వాడుకోవడానికి వీలవుతుంది, తక్కినది ఖాళీగా ప్రశాంతంగా పడి ఉంటుంది.

అసలు నైపుణ్యం పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దింపే క్లోనింగ్‌లో బయటపడుతుంది. తెర మీద రెండు డిస్కులు కనిపిస్తాయి: ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా. ఏది ఎందులోకి వెళ్ళాలో సాఫ్ట్‌వేర్ అడుగుతుంది, ‘రెండో డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది’ అని చెబుతుంది. డిస్కు సీరియల్ నంబరు లేబుల్‌తో సరిచూసుకునే పిరికివాళ్ళు ఉంటారు. ధైర్యవంతుడు ఒకచేత్తో టీ గ్లాసు పట్టుకుని ‘ఓకే’ కొడతాడు. ఖాళీ డిస్కు పొల్లుపోకుండా పాతదాని మీదికి కాపీ అవుతుంది. సాఫ్ట్‌వేర్ ‘విజయవంతం’ అంటుంది. అబద్ధమేమీ కాదు.

ఇక బ్యాకప్ విషయంలో నెల్లూరువాసులకో ప్రత్యేక సూచన. మొహర్రం నాడు స్వర్ణాల చెరువులో బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె పట్టుకుంటారు, కోరిక తీరాక మరుసటేడు వచ్చి తిరిగి ఇస్తారు. బ్యాకప్ రొట్టె ఇంకా వచ్చినట్టు లేదు. వచ్చేదాకా సీ డ్రైవ్‌లో ఉన్నదాన్ని డీ డ్రైవ్‌లోకి కాపీ చేసి నిశ్చింతగా నిద్రపోవచ్చు. రెండూ ఒకే డిస్కు ముక్కలన్న విషయం ఎవరైనా చెప్పబోతే వినకూడదు.

కొందరు విడిగా ఎక్స్‌టర్నల్ డిస్కు కొంటారు. ఇది ప్రమాదకరమైన ధోరణి, కానీ విరుగుడుంది: దాన్ని కంప్యూటరు నుంచి ఎప్పుడూ ఊడదీయకూడదు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా ఫైళ్ళకు తాళాలేసి డబ్బు అడిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అటువంటిది వస్తే తగిలించి ఉన్న బ్యాకప్పుకూ అదే తాళం పడుతుంది. ఒకవేళ ఊడదీసినా, దాన్ని సీపీయూ పక్కనే, నేల మీదే పెట్టాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టనే కోసేసింది. కట్టే నిలవని నీళ్ళకు అరచేతిలో పట్టే డిస్కు ఒక లెక్కా!

తుపాను సంగతులు కావలివాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన ‘గే’ తుపాను అంత దూరం దాటొచ్చి 1989 నవంబరులో అక్కడే తీరం తాకింది. 2011లో అదే థాయ్‌లాండ్‌లో వరదలకు హార్డ్ డిస్కు ఫ్యాక్టరీలు మునిగి, ప్రపంచమంతటా డిస్కుల ధరలు ఎగిరిపడ్డాయి. నెల్లూరు డిస్కుకు ఆ దేశంతో ఉన్న చుట్టరికం చిన్నదేమీ కాదు.

ఉన్న ఒక్క ప్రతినీ ఒకే గదిలో ఉంచడం గురించి నెల్లూరుకు మించిన ఉదాహరణ కోసం వేరే ఊరికి వెళ్ళి వెతకనవసరం లేదు. 2022 ఏప్రిల్ 13 రాత్రి ఇక్కడి కోర్టులో దొంగలు పడి, ఒక కేసు తాలూకు పత్రాలు, ఎలక్ట్రానిక్ పరికరాలు ఉన్న సంచి ఎత్తుకుపోయారు. పోలీసులు చెప్పిన ప్రకారం వాళ్ళు వచ్చింది ఇనప తుక్కు కోసం, కుక్కలు మొరిగితే లోపలికి దూరారు. హైకోర్టు ఆ ఏడాదే దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. బ్యాకప్ ప్రణాళిక వేసేవాళ్ళు వైరస్సును లెక్కలో వేస్తారు, పిడుగును లెక్కలో వేస్తారు. వీధికుక్కను ఎవరు వేస్తారు?

అతి జాగ్రత్త మనుషులు ఈ జిల్లాలో లేకపోలేదు. 1905లో అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి నెల్లూరు జిల్లా రాతి శాసనాలను, రాగిరేకులను ఊరూరా సేకరించి మూడు సంపుటాలుగా మద్రాసులో అచ్చేయించారు. రాయి అరిగినా, రేకు పోయినా చదువుకోవడానికి పుస్తకం ఉంది. 2022 దాకా ఈ జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటవాళ్ళు ఒక ప్రయోగ వేదిక ఉండగానే 2005 నుంచి రెండోదాన్నీ వాడుతున్నారు. ఇంత ఖర్చు పెట్టుకోలేని సామాన్యుడికి చెప్పేది మూడు-రెండు-ఒకటి సూత్రం: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్ళో. హైదరాబాదులో అల్లుడి ఇంట్లో ఒక డిస్కు పెడితే చాలు. కానీ అలా పెడితే పండక్కి వచ్చినప్పుడు తెమ్మని గుర్తుచేయాలి, తెచ్చాక తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్పుకున్నంత అందం తెరిచి చూసినదానికి ఉండదు.

చివరగా పాత డిస్కును వదిలించుకోవడం. ఇంకా తిరుగుతున్నదైతే క్విక్ ఫార్మాట్ కొట్టి, సెకండ్ హ్యాండు షాపులో ఎంతకొస్తే అంతకు ఇచ్చేయాలి. క్విక్ ఫార్మాట్ విషయసూచికను మాత్రమే చెరుపుతుంది, ఫైళ్ళు చాలావరకు అక్కడే ఉంటాయి. ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో వాటిని బయటికి లాగవచ్చు. మూడు రోజులు వెతికినా యజమానికి దొరకని అక్క పెళ్ళి ఫోటోలు, ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, డిస్కు కొనుక్కున్నవాడికి ఓ పూటలో దొరుకుతాయి.