ఒక నావిగో కార్డు ఆత్మకథ

పారిస్ నగరమూ దాని చుట్టుపక్కల జిల్లాలూ కలిసిన ఈల్-ద-ఫ్రాన్స్ ప్రాంతంలో మెట్రో, సబర్బన్ రైలు, ట్రామ్, బస్సు అన్నింటికీ చెల్లే ప్రయాణపు కార్డును నావిగో అంటారు. తన జీవితాన్ని ఇక్కడ వివరిస్తున్నది 2001లో వాడుకలోకి వచ్చిన ఆ వంశానికి చెందిన ఒక కార్డు. దీనికి బ్యాటరీ లేదు. గేటు దగ్గరి ఊదారంగు పలకకు ఆనించగానే లోపలి సన్నని తీగచుట్ట ఆ పలక నుండే శక్తిని గ్రహించి, నెల రుసుము చెల్లిందని తెలుపుతుంది, పచ్చదీపం వెలుగుతుంది.

కార్డు మీది ఫొటో నల్లగొండ జిల్లా నుండి వచ్చి, క్లిషీ పట్టణంలో అద్దెకుంటూ, లా దెఫాన్స్ వ్యాపారకేంద్రంలో పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిది. ఆమె కోటు జేబులో దీని పక్కనే నివాసపత్రం, అనగా విదేశీయులు ఫ్రాన్స్‌లో ఉండి పనిచేసుకోవడానికి ప్రభుత్వమిచ్చే గుర్తింపుకార్డు, ఉంటుంది.

2019 డిసెంబర్ 5న, 42 పింఛను పథకాలను రద్దుచేసి పాయింట్ల లెక్కన ఒకే పథకం తేవాలన్న ప్రభుత్వ ప్రతిపాదనకు వ్యతిరేకంగా రవాణా కార్మికులు సమ్మెకు దిగారు. డ్రైవర్లు లేకుండా నడిచే 1, 14 లైన్లు తప్ప మెట్రోలో చాలా భాగం మూతపడింది. క్లిషీకి వచ్చే 13వ లైను అందని ఉద్యోగిని పక్క పట్టణమైన లెవల్వా మీదుగా పోర్త్ మాయో స్టేషన్ దాకా నడిచి, అక్కడ 1వ లైను అందుకుంది. ప్లాట్‌ఫాం అంచున గాజు తలుపులు తెరుచుకోగానే తడిసిన కోట్ల మధ్య ఆమె ఇరుక్కుపోయిన ఒత్తిడికి కార్డు వంగింది; దాని మూలన ఉన్న తెల్లని గీత ఆనాటిదే. తెలుగునాట బంద్ అంటే దుకాణాల షట్టర్లు కూడా దిగుతాయి గాని, ఆ ఉదయం దారి పొడవునా రొట్టెల దుకాణాలు, ఫార్మసీలు తెరిచే ఉన్నాయి.

అంతకు పది రోజుల ముందే, నవంబర్ 25న, తెలంగాణలో ఆర్టీసీ కార్మికుల సమ్మె 52 రోజులకు ముగిసింది. గడువులోగా విధుల్లో చేరనివారు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్లేనని, పత్రికల భాషలో ‘సెల్ఫ్ డిస్మిస్’ అయినట్లేనని, ప్రకటించిన ప్రభుత్వం చివరకు వారిని తిరిగి చేర్చుకుంది. ఆ వార్తలు రోజూ చదివిన ఉద్యోగిని, పారిస్ డ్రైవర్ల ఉద్యోగాలు కూడా పోతాయేమోనని సహోద్యోగులను అడగడం కార్డు విన్నది. ఆ ప్రశ్నకు సమాధానం చట్టంలోనే ఉంది. ఫ్రాన్స్‌లో 1864 వరకు కూడబలుక్కుని పని మానడం నేరం. 1946 నాటి రాజ్యాంగ పీఠిక సమ్మెను హక్కుగా గుర్తించగా, 1958 రాజ్యాంగం ఆ పీఠికను నిలుపుకొంది. సమ్మెకాలంలో ఉద్యోగ ఒప్పందం తాత్కాలికంగా ఆగుతుందే గాని తెగిపోదు. జీతం కోతపడుతుంది గాని, తీవ్రమైన తప్పు చేస్తే తప్ప, సమ్మె చేసినందుకు ఎవరినీ తొలగించరాదు.

ప్రయాణికుల పక్షాన కూడా చట్టం కొంత ఆలోచించింది. రవాణా సంస్థల్లో సంఘాలు అయిదు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 2007 ఆగస్టు 21 నాటి చట్టం ప్రకారం డ్రైవర్ల వంటి ముఖ్య సిబ్బందిలో సమ్మెలో పాల్గొనదలచిన ప్రతివారూ 48 గంటల ముందే తెలియజేయాలి. అందువల్ల ఏ లైనులో ఎన్ని రైళ్లు నడుస్తాయో ముందురోజే తెలుస్తుంది. ఉద్యోగిని రాత్రిపూట ఆ పట్టిక చూసుకుని, ఇంటి నుండి పనిచేయాలా, నడవాలా అన్నది తేల్చుకోవడం అలవాటు చేసుకుంది. ఆ డిసెంబర్‌కు ఈ కార్డుపై చెల్లించిన 75.20 యూరోలను కూడా రవాణా యంత్రాంగం తిరిగి ఇచ్చింది.

2023లో పింఛను వయస్సును 62 నుండి 64కు పెంచే చట్టంపై మరో ఉద్యమం లేచింది. మార్చి 6 నుండి పారిశుద్ధ్య కార్మికులు పని ఆపగా, పారిస్ వీధుల్లో దాదాపు 10,000 టన్నుల చెత్త పేరుకుపోయింది. ఆ వసంతకాలంలో ఉద్యోగిని మొదటిసారి ఊరేగింపులో నడిచింది. భారత పౌరురాలు గనుక ఫ్రాన్స్ ఎన్నికల్లో ఆమెకు ఓటు లేదు. అయితే తన జీతం నుండి నెలనెలా పింఛను వాటా కోతపడుతున్నందున, ఆ వాటా గురించి మాట్లాడే న్యాయమైన అర్హత ఆమెకున్నది. సంఘంలో చేరడానికి, సమ్మె చేయడానికి, మూడు నెలల సర్వీసు నిండాక సంస్థలోని ఉద్యోగుల ప్రతినిధి సభకు ఓటు వేయడానికి పౌరసత్వం అడ్డురాదు.

13వ లైను మీదున్న పోర్త్ ద క్లిషీ స్టేషన్ దగ్గరలోని ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే స్త్రీలు ఆ హక్కుల విలువను నిరూపించారు. ఎక్కువమంది ఆఫ్రికా దేశాల నుండి వలస వచ్చిన ఆ స్త్రీలు పనిభారం తగ్గించాలని 2019 జూలైలో సమ్మెకు దిగి, 22 నెలల పోరాటం తర్వాత 2021 మే నెలలో జీతాల పెంపు, పనివేగం తగ్గింపు సాధించుకున్నారు. వారిలో ఒకరైన రాషెల్ కేకే 2022లో పార్లమెంటు సభ్యురాలిగా ఎన్నికయ్యారు.

యూరప్‌కు చదువుకో, కొలువుకో బయలుదేరే తెలుగువారు ప్రయాణపు కార్డు, నివాసపత్రం సంపాదించుకోవడంతో ఆగకుండా, ఆ దేశపు కార్మిక చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. రైలు ఆగిన రోజున విసుక్కోవడానికి ముందు, సమ్మె నోటీసులోని డిమాండ్లు చదవాలి. వాటిలో చాలావరకు తమ జీతానికీ, తమ వృద్ధాప్యానికీ సంబంధించినవే.