నూనెతొట్టి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఉత్తర ఐర్లండులో టైరోన్ కౌంటీ. అక్కడి ఒక పల్లెలో అద్దెకున్న తెలుగు డాక్టరుగారు ఉద్యోగం మారి వెళ్లిపోతూ, తన తరవాత దిగబోయేదీ తెలుగువాళ్లేనని తెలిసి, వంటగది తలుపుకు ఒక ఆటవెలది అంటించి వెళ్లారు. కవి పేరు రాసుకోలేదు. దేశకాలాలు తెలియనిదే పద్యం బోధపడదు గనక అవి ముందు. ఆ సీమకు సహజవాయువు సముద్రం అడుగున స్కాట్లండు నుంచి వేసిన గొట్టంలో 1996లో వచ్చింది. పల్లెల్లో చాలావాటికి ఆ గొట్టం అందలేదు. 2016 గృహ సర్వే నాటికి మూడింట రెండు వంతుల ఇళ్లు చలి కాచుకునేది కిరసనాయిలుతోనే. ఇంటి వెనక ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు, దాన్నుంచి సన్న రాగి గొట్టం, గొట్టం చివర బాయిలరు, గది గదికీ రేడియేటరు. ఇదీ రంగస్థలం.

మూలం

ఆ. ఎండ గాయునపుడె యింటి నూనె కొనుము
జంట గోడలున్న జాణ తొట్టి
నింపి తాళమిడుము నీటి చుక్కయు నున్న
ఆరిపోవు పొయ్యి యర్ధరాత్రి

టీక

ఎండ కాయునపుడె = జూన్, జులై నెలల్లోనే; ఇంటి నూనె = ఇల్లు వెచ్చబెట్టే కిరసనాయిలును; కొనుము = కొను; జంట గోడలున్న = ట్యాంకులో ట్యాంకుగా కట్టిన; జాణ తొట్టి = నేర్పరి అయిన ట్యాంకును; నింపి = తగుమాత్రంగా నింపి; తాళమిడుము = మూతకు తాళం వెయ్యి; నీటి చుక్కయున్ = నీరు ఏ కాస్త; ఉన్నన్ = అడుగున చేరినా; అర్ధరాత్రి = సరిగ్గా అక్కర పడ్డప్పుడు; పొయ్యి = బాయిలరు; ఆరిపోవున్ = ఆగిపోతుంది.

విశేషాలు

ఎండ కాయునపుడె: ఆ సీమలో ఎండ కాసేది ఎన్నాళ్లని ఆక్షేపణ. కవి చెప్పిన ఎండ క్యాలెండరులోది, ఆకాశంలోది కాదని సమాధానం. వేసవిలో కొంటే చవకేనా అని రెండో ఆక్షేపణ. తప్పక చవకని కవీ అనలేదు. ముడిచమురు ధర రుతువులను లెక్కచెయ్యదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో లీటరు పౌండు దాటిపోయింది. అయితే చలిలో కొనేవాడికి బేరమాడే తీరిక ఉండదు. మంచు కురిసిన వారం ఊరంతా ఒక్కసారే ఫోన్ చేస్తుంది, ట్యాంకరు లారీ ఏమో ఒక్కటే. ఎండవేళ కొనడంలో లాభం ధరకన్నా తీరికలోనే ఎక్కువ.

ఇంటి నూనె: చూడవచ్చిన అత్తగారొకరు దీనికి వేరుశనగ నూనె అని అర్థం చెప్పి, 500 లీటర్లని వినగానే కోడలి వంట మీద అనుమానపడ్డారట. ఆ వ్యాఖ్య గ్రాహ్యం కాదు. ఇది మన రేషన్ షాపు నీలం కిరసనాయిలుకు చుట్టం. అంగడిలో దీన్ని 28 సెకన్ల నూనె అంటారు. రెడ్‌వుడ్ అనే కొలపాత్ర రంధ్రంలోంచి జారడానికి పట్టే కాలాన్ని బట్టి వచ్చిన పేరది. 35 సెకన్ల నూనె ఇంకా చిక్కన, దాని బర్నరు వేరు. చవకగా వస్తోందని ఒకదానికి బదులు మరొకటి పోయించుకోరాదు.

కొనుము: దీనికి ‘కొనుడు’ అని పాఠాంతరం ఉంది. గణభంగమేమీ లేదు. ఊళ్లో పది ఇళ్లు కలిసి నూనె క్లబ్బుగా ఏర్పడి ఒకేసారి ఆర్డరిస్తే లారీకి తిరుగుడు తగ్గుతుంది, వీళ్లకు ధర తగ్గుతుంది. కనక బహువచనమే మేలన్నది నవ్యుల మతం. అక్కడ వాడుకలో ఉన్న లెక్కలు 300, 500, 900 లీటర్లు. వినియోగదారుల మండలి వారం వారం వీటి సగటు ధరలు ప్రకటిస్తుంది. ఒక్కసారి అంత సొమ్ము తీయలేనివారు 5 పౌండ్ల నూనె స్టాంపులు కొని కార్డు మీద అంటించుకుంటూ పోయి, నిండాక అదే ఇచ్చి నూనె పోయించుకునే పద్ధతీ ఉంది. అదీ చెయ్యనివారు పెట్రోలు బంకులో 20 లీటర్ల డబ్బా మోసుకొస్తారు. లీటరు లెక్కన అదే అన్నిటికన్నా ప్రియం. పేదవాడికే సరుకు ప్రియమన్న లోకన్యాయం ఇక్కడా తప్పలేదు.

జాణ: ఈ విశేషణమే పద్యానికి ప్రాణం. లోపలి తొట్టి చిట్లితే నూనె బయటి తొట్టిలో నిలుస్తుంది. బయటిది లోపలిదాని కన్నా పదోవంతు ఎక్కువ పట్టాలన్నది నియమం. లోపలి గుట్టు వీధిన పెట్టదు గనక జాణ. జాణ ఎవరికీ మరీ చేరువగా మసలదనీ ధ్వని. ఇంటి గోడకు, కిటికీకి, చూరుకు 1.8 మీటర్ల ఎడం, సరిహద్దు కంచెకు 760 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. చోటు లేకుంటే నడుమ నిప్పుకు ఓర్చే గోడ కట్టాలి. వాగు 10 మీటర్లలో ఉన్నా, బావి 50 మీటర్లలో ఉన్నా ఒంటిగోడ తొట్టి పనికిరాదు. చుక్క చుక్క కారినా సరే, ఆ నూనె చివరికి తాగేనీళ్లలోనే తేలుతుంది.

నింపి: నింపడమంటే పొర్లేదాకా కాదు. ఎండకు నూనె పెరుగుతుంది, పైన కాస్త వెలితి ఉండాలి. లారీ రాకముందూ పోయాకా మట్టం చూసుకుని, లారీ మీటరు అచ్చేసిన చీటీతో సరిపోల్చుకోవాలి. చీటీ సున్నాతో మొదలైందా లేదా అన్నది తొలి చూపు.

తాళమిడుము: రాత్రివేళ రబ్బరు గొట్టంతో వచ్చి తోడుకుపోయే దొంగలను ఉద్దేశించినది. తొట్టికే రంధ్రం చేసేవారి ముందు తాళం ఏం చేస్తుందని పూర్వపక్షం. మట్టం ఉన్నట్టుండి దిగితే మోగే పరికరం పెట్టుకోమని సిద్ధాంతం.

నీటి చుక్కయు: అతిశయోక్తి అన్నారు కొందరు. స్వభావోక్తి అనడమే యుక్తం. తొట్టిలోని ఖాళీ జాగాలో తడిగాలి చల్లబడి గోడలకు చెమర్చి జారుతుంది. కిరసనాయిలు నీటికన్నా తేలిక, అందుకని నీరు అడుగుకు, అంటే బాయిలరు గొట్టం నోటికే చేరుతుంది. నీరూ నూనే కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి జిగట మడ్డి కడుతుంది. ఐరిష్ చలికి కిరసనాయిలు గడ్డకట్టదు గానీ దానిలోని నీరు కడుతుంది. కర్ర కొసకు నీరు తగిలితే రంగు మారే లేపనం పూసి అడుగుదాకా దించితే, ఎంత మేర రంగు మారిందో అంత నీరున్నట్టు.

నున్న ఆరిపోవు: ఇక్కడ సంధి జరగవలసింది, కవి చెయ్యలేదు. విసంధి దోషమే. పద్యంలో అతుకు వదులైతే పండితులు గొణుగుతారు, రాగి గొట్టంలో వదులైతే నేల తాగుతుంది.

అర్ధరాత్రి: ఎర్రదీపం వెలిగి బాయిలరు మొరాయించే ముహూర్తం. రీసెట్ బొత్తాం ఒకసారి నొక్కి చూడవచ్చు. పదే పదే నొక్కితే కాలని నూనె లోపల చేరుతుంది. ఆపైన మెకానిక్కే గతి.

తాత్పర్యం

పట్నంలో వెచ్చదనం మీటరు వెంట నడిచివస్తుంది, తప్పొప్పులకు కంపెనీ ఉంటుంది. పల్లెలో ఇంటివాడే కంపెనీ. సరుకు తెచ్చేవాడూ, గోదాము కాపరీ, నాణ్యత చూసే అధికారీ అతడే. కనక ఓ గృహస్థా, చలి గుర్తులేని రోజుల్లోనే చలి పని ముగించుకో అని కవి హృదయం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని జులైలో చదివినవారికి 900 లీటర్ల ధర, సెప్టెంబరులో చదివినవారికి 500 లీటర్ల ధర, డిసెంబరులో చదివినవారికి 20 లీటర్ల డబ్బా, చెయ్యి నొప్పి ప్రాప్తిస్తాయి.