టైరు లెక్క

అమీర్‌పేట మైత్రీవనం వెనక సందులో డేటా అనలిటిక్స్ కోచింగ్ సెంటర్ నడిపే మాస్టారొకాయన ఉన్నారు. ఓ రాత్రి ఆయన కారు పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతూ ముందు పోతున్న ఆటోని గుద్దింది. ఆటో డ్రైవర్ కాలు విరిగి నిమ్స్‌లో చేరాడు.

"నలభై దాటితే ఒట్టు! ఆటోవాడే అడ్డమొచ్చాడు" అని మాస్టారు కనపడ్డవాళ్లందరికీ చెప్పారు.

కారు మాత్రం వేరే మాట చెప్పింది. ఎయిర్‌బ్యాగుల్ని నడిపే పెట్టెలో, గుద్దే ముందు ఐదు సెకన్ల వేగం నమోదై ఉంది. 74. బ్రేకు తొక్కింది ఆఖరి సెకనులో.

ఇన్సూరెన్స్ సర్వేయరు ఆ వేగం రాసున్న కాగితం పట్టుకొచ్చేసరికి క్లాసు నడుస్తోంది. పిల్లల ముందే తేల్చేద్దామనుకున్నారు మాస్టారు.

"స్పీడోమీటరే ఎక్కువ చూపిస్తుంది కదయ్యా!"

"నిజమేనండి. అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదని దానికి రూలు. అందుకే కాస్త పెంచి చూపిస్తుంది. ఈ పెట్టెకి ఆ మొహమాటం లేదు."

"సరే, పెట్టెకి రోడ్డు కనపడదుగా? చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చూసి, కంపెనీ టైరు చుట్టుకొలతతో లెక్కేస్తుంది. అంతేనా?"

"అంతేనండి."

"నా కారుకి ఉన్నవి కంపెనీ టైర్లు కావు! లుక్కు కోసం పెద్దవి వేయించా. కాబట్టి నీ 74 తప్పు."

మార్కర్ తీసి బోర్డెక్కించారు. పాతవి 195/65 ఆర్15, వ్యాసం 635 మిల్లీమీటర్లు. కొత్తవి 215/65 ఆర్16, 686. తేడా ఎనిమిది శాతం. "ఎనిమిది శాతం తప్పు చెప్పే సాక్షిని ఏ కోర్టు నమ్ముతుంది?" అన్నారు. క్లాసంతా చప్పట్లు.

సర్వేయరు వాదించలేదు. "టైర్ల బిల్లుందా సార్?"

ఉంది. యాక్సిడెంటుకి ముందు తేదీతోనే ఉంది. ఫోన్లో తీసి చూపించారు. సర్వేయరు బోర్డుకో ఫొటో తీసుకుని, కాగితం మీద ఏదో దిద్ది, "ఇక్కడో సంతకం పెట్టండి" అన్నాడు. మాస్టారు గెలిచిన ఊపులో చదవకుండానే గీకేశారు.

వెనక బెంచీ నుంచి ఓ కుర్రాడు చెయ్యెత్తాడు. "సార్, పెద్ద టైరు ఒక్కో చుట్టుకి ఇంకా ఎక్కువ దూరం పోతుంది కదా?"

కాగితం మీద 74 కొట్టేసి 80 అని ఉంది. పక్కనే మాస్టారి సంతకం.