డెమో క్లాస్ ఫ్రీ

మైత్రీవనం దగ్గర నాలుగడుగులు వేసేలోపు చేతినిండా పాంప్లెట్లు. జావా, పైథాన్, శాప్, డెవాప్స్. సోమవారం కొత్త బ్యాచ్, డెమో క్లాస్ ఫ్రీ. అమీర్‌పేటలో చెప్పని కోర్సు ఒక్కటే, ఎమ్మెల్యేగిరీ.

ఆ కోర్సుకు సిలబస్ మాత్రం పక్క మెట్రో స్టేషన్ దగ్గరే తయారైంది. పంజాగుట్ట ద్వారకాపురి కాలనీ, నిర్మల్ టవర్స్. ఐఏఎస్ వదిలేసి వచ్చిన జయప్రకాశ్ నారాయణ్ (జేపీ) గారి లోక్‌సత్తా చాలాకాలం నడిచింది అక్కడే. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ కోసం పట్టుబట్టినవాళ్లలో ఆయనొకరు. దాంతో మంత్రుల సంఖ్యకు 15 శాతం పరిమితి వచ్చింది. మూడో వంతు మంది చీలితే ఫిరాయింపు కాదన్న సౌకర్యం పోయింది.

2009లో కూకట్‌పల్లి నుంచి గెలిచి అసెంబ్లీలో అడుగుపెట్టారు. 294 మందిలో ఆ పార్టీకి ఆయనొక్కరే. ఆయన కోరిన విప్లవం ఏమిటయ్యా అంటే, ప్రశ్నోత్తరాల్లో ప్రశ్నలడుగుదాం, బడ్జెట్ మీద చర్చిద్దాం, ఎవరి సీట్లోంచి వాళ్లు మాట్లాడదాం. ఇవన్నీ సభా నియమాల పుస్తకంలో ఉన్నవే. అందుకే ఎవరికీ కొత్తగా అనిపించలేదు, ఎవరూ ఆచరించనూ లేదు.

పైగా సభలో టైమిచ్చేది పార్టీ బలాన్ని బట్టి. ఏకసభ్య పార్టీకి నోరు తెరిచేలోపు గంట మోగుతుంది. పోడియం చుట్టూ చేరినవాళ్లకు ఆ బాధ లేదు. నినాదానికి టైమూ అక్కర్లేదు, మైకూ అక్కర్లేదు. వాకౌట్ చేస్తే బయట మీడియా పాయింట్ ఉండనే ఉంది. లోపల మింగిన ప్రసంగమంతా అక్కడ తీరిగ్గా కక్కొచ్చు.

2011 ఫిబ్రవరిలో గవర్నర్ ప్రసంగం రసాభాస అయింది. ఇదేం పద్ధతన్నందుకు ఆ మీడియా పాయింట్ దగ్గరే జేపీ గారి మీద చెయ్యి చేసుకున్నారు. డెమో క్లాస్ ఇచ్చారన్నమాట, ఫ్రీగానే.

ఇక ఆ సవరణతో చీలిక సౌకర్యం పోతేనేం, విలీనం మిగిలింది. మూడింట రెండొంతుల మంది కదిలితే చాలు. 2019లో తెలంగాణ అసెంబ్లీలో కాంగ్రెస్‌కు మిగిలిన 18 మందిలో సరిగ్గా 12 మంది టీఆర్‌ఎస్‌లో కలిశారు. అమీర్‌పేట ఆప్టిట్యూడ్ మాస్టారు కూడా ఇంత నిక్కచ్చిగా లెక్క తేల్చలేడు.

2014లో జేపీ గారు మల్కాజిగిరి లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయారు. కూకట్‌పల్లిలో ఆయన ఖాళీ చేసిన సీటు టీడీపీకి దక్కింది. గెలిచిన ఎమ్మెల్యే మధ్యలో టీఆర్‌ఎస్‌లో చేరారు. 2018లో ఓటర్లు ఆయన్నే టీఆర్‌ఎస్ టికెట్ మీద మళ్లీ గెలిపించారు, ఈసారి గెలిచాక పార్టీ మారే శ్రమ లేకుండా.