కోట మామయ్య

హైదరాబాదులో చుట్టాలున్న ప్రతి కుటుంబానికీ ఇలాంటి మామయ్య ఒకరుంటారు. ఊరి నుంచి ఎవరొచ్చినా గోల్కొండ చూపించే పూచీ ఆయనదే. టికెట్లు ఆయనే కొంటారు. గైడును మాత్రం దగ్గరికి రానివ్వరు. "నేనుండగా డబ్బు దండగెందుకురా?" అంటూ, గైడును పెట్టుకున్న వేరే గుంపు పక్కనే, మాటలు వినబడేంత దూరంలో మనల్ని నిలబెడతారు. ఆ గైడు హిందీలో చెప్పిన ముక్క మామయ్య నోట తెలుగులోకి వచ్చేసరికి రెండింతలవుతుంది.

బాలా హిస్సార్ దర్వాజా కింద చప్పట్లు కొడితే కొండమీదికి వినబడుతుందన్నది నిజమే. శత్రువొస్తే పైవాళ్లను హెచ్చరించే ఏర్పాటది. కానీ ఆదివారం పూట ఊళ్లో ఉన్న మామయ్యలందరూ ఒకేసారి కొడుతుంటే, ముందే పైకెక్కిన అత్తయ్యకు ఈయన చప్పట్లేవో ఎలా తెలుస్తుంది? అందుకే ఫోన్ చేస్తారు.

"వినబడిందా?"

"వినబడక! ఫోన్లో అరుస్తున్నారుగా!"

మెట్లు మొదలయ్యాక చరిత్ర చిక్కబడుతుంది. పది మెట్లకోసారి ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఒక సుల్తాన్ను ఎత్తుకుంటారు. ఆయాసం తగ్గేదాకా ఆ సుల్తాను పాలన సాగుతూనే ఉంటుంది. కోహినూరు ఈ కొండ కిందే తవ్వారని కూడా ఆ ఊపులోనే చెప్పేస్తారు. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరు వైపు, ఇక్కడ జరిగింది బేరమేనని మనం నసిగితే, "అదీ గోల్కొండ రాజ్యమేగా!" అని కొట్టిపారేస్తారు. దానికి ఎదురు చెప్పలేం.

గోడల్లో మట్టిగొట్టాలు కనబడినచోట మాత్రం నిజంగానే మాట పడిపోతుంది. కింది నుంచి అంచెలంచెలుగా తోడి, కొండమీదికి నీళ్లెక్కించారు. కాసేపు ఆ గొట్టాన్ని తడిమి, "మా అపార్టుమెంటులో మూడో అంతస్తుకే ఎక్కి చావవు" అంటారు.

రామదాసు చెర దగ్గర చెప్పులు విప్పుతారు. ఆయనే చెక్కాడని చెప్పే గోడమీది బొమ్మలు చూసి కళ్లు తుడుచుకుంటారు. మరుక్షణమే ఫోన్ తీసి, ఆరు లక్షల వరహాలు ఇవాళ్టి లెక్కలో ఎన్ని కోట్లో గుణిస్తారు.

పైన బారాదరి చేరాక 1687 నాటి కథ రెండు ముక్కల్లో తేల్చేస్తారు: ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించాడు, లోపలివాడొకడు తలుపు తీశాడు. ఆ తర్వాత అసలు విషాదం మొదలవుతుంది.

"1591లో మహమ్మద్ కులీ మూసీ అవతల కొత్త ఊరు వేశాడు చూడు, అదీ ముందుచూపంటే! ఇదిగో, ఆ మేడలున్నాయే, అప్పట్లో అన్నీ రాళ్లే. రెండొందల గజాలు ఇస్తానన్నాడు ఒకాయన. మీ అత్తయ్య వద్దంది."

"వద్దన్నది మీరు," అంటుంది అత్తయ్య. రాజ్యం పోయిన తానీషా కూడా అంతసేపు ఏడ్చి ఉండడు.

గోల్కొండకు పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే రాళ్లు కాల్తాయి. గైడును తప్పక పెట్టుకోండి. మామయ్యనూ వెంట తీసుకెళ్లండి. పాపం, ఆ గైడుకు తెలియని చరిత్ర చాలా ఉంది.