ఉదయం ఆరు గంటల వారికి బహిరంగ విన్నపం

మహారాజశ్రీ ఉదయం ఆరు గంటల వారి దివ్య సముఖానికి, కోల్‌కతా న్యూ టౌన్ వాస్తవ్యుడొకడు అనేక నమస్కారాలతో రాసుకుంటున్న విన్నపం.

తమరి ఏలుబడి ఎంత విశాలమో నాకు తెలియంది కాదు. పాల పాకెట్లు, పేపర్ కట్టలు, ఐటీ కంపెనీల క్యాబులు, ఎకో పార్కు చుట్టూ చేతులు విసురుకుంటూ నడిచే రిటైర్డు బాబులు, అందరూ తమరి ఆజ్ఞకు బద్ధులే. వాళ్ల తరఫున నాకు ఫిర్యాదేమీ లేదు. చేపల పికప్పు నడిపేవాడి తరఫున మాత్రం రెండు ముక్కలు చెప్పుకోనివ్వండి. తమరు కొట్టేసరికి చేప బజారులో అరుగు మీద ఉండి తీరాలి. ఎందుకంటే ఆ తర్వాత కాసేపటికే మంకీ క్యాప్ పెట్టుకున్న బాబుగారు నైలాన్ సంచీతో దిగి, మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు. అప్పటికి చేప రాలేదంటే ఆయన పక్క దుకాణానికి వెళ్తారు. ఈ భయంతోనే దుకాణదారు డ్రైవర్‌కు ఫోన్ మీద ఫోన్ చేస్తాడు. డ్రైవర్ యాక్సిలరేటర్ మీద కాలు వేస్తాడు.

ఆ బండిలో మనవాళ్ల సరుకు కూడా ఉంటుంది కాబట్టి నాకీ ఆరాటం. కైకలూరు, ఆకివీడు, భీమవరం చెరువుల్లో పెరిగిన శీలావతీ బొచ్చే ట్రేలలో ఐసు కింద పడుకుని, పదహారో నంబరు జాతీయ రహదారి మీద వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి బెంగాల్ చేరతాయి. ఇక్కడివాళ్లు వాటిని ‘చలానీ’, అంటే బయటి సరుకు, అని కాస్త చిన్నచూపు చూస్తారు. చూసినా కొంటారు. హౌరాలోనో పాతిపుకూర్ టోకు మార్కెట్‌లోనో పాట ముగిశాక చిన్న బండ్లలోకి మారతాయి. టాటా ఏస్, బొలెరో పికప్, అలాంటివి. 2005లో వచ్చిన టాటా ఏస్‌ని ఇక్కడ అందరూ ‘ఛోటో హాతి’ అనే పిలుస్తారు. లారీ ఎంత దూరం నడిచినా, నా లెక్కలో అసలు గండం ఈ చివరి పది పదిహేను కిలోమీటర్లే.

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు చలికాలం రాగానే మంచులో పికప్పు ఎలా నడపాలో సలహాలు పంపుతుంటాడు. ఖాళీ పికప్పుకి వెనకాల బరువుండదు, చక్రాలు పట్టు తప్పుతాయి, అందుకని వెనక ఇసుక బస్తాలు వేసుకోవాలి. బ్రేకు మెల్లగా తొక్కాలి. ముందు బండికి చాలా దూరం ఉండాలి. స్టీరింగ్ చటుక్కున తిప్పకూడదు. న్యూ టౌన్‌లో మంచు కావాలంటే యాక్సిస్ మాల్‌లో టికెట్ కొని స్నో పార్కుకి వెళ్లాలి. రోడ్డు మీద మాత్రం ఎన్నడూ పడదు. అయినా ఇసుక బస్తాల సంగతి ఒక డ్రైవర్‌కు చెప్పాను. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టిన తెలుగువాడు. “ఇసుక దేనికి సార్, వెళ్లేటప్పుడు ఎలాగూ మోయాల్సినదానికంటే ఎక్కువే వేస్తారు” అని నవ్వి, “వచ్చేటప్పుడు ఖాళీ ట్రేలతో తడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే మటుకు తోక పక్కకి జారుతుంది” అన్నాడు. అంటే పోయేటప్పుడు అధిక భారం, తిరుగుదారిలో అమెరికా సమస్య.

మా రోడ్డు మీద పడేది పొగమంచు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను అంటుకున్న తేమగాలి చల్లారి పొగమంచుగా మారుతుంది. ఈ ఊళ్లో తేమకు కొదవేముంది? 480 ఎకరాల ఎకో పార్కులో 104 ఎకరాలు నీళ్లే. ఒక పక్క బాగ్‌జోలా కాలువ, దక్షిణాన 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు, వాటి నిండా ‘భేరీ’లనే చేపల చెరువులు. పాతిపుకూర్ దగ్గర ఇరుకు దారుల్లో బండి వద్దన్నా మెల్లగానే వెళ్తుంది. వీఐపీ రోడ్డు దిగి, చినార్ పార్కు దాటి, విశ్వ బంగ్లా సరణి వెడల్పు చూశాక ఎవరి కాలైనా దురద పెడుతుంది. సరిగ్గా అక్కడే, ఎకో పార్కు చెరువు దగ్గరికొచ్చేసరికి, ముందున్నది మాయమవుతుంది. లైటు లేని టోటో అనే ఈ-రిక్షా, రేడియం స్టిక్కర్ ఊడిపోయిన సైకిల్ వ్యాన్, డివైడర్ పక్కన చీపురు పట్టుకున్న అమ్మ, ఎవరూ కనబడరు.

తమరికి లెక్కలంటే ఇష్టమని తెలుసు, గడియారం తమరి ఆయుధమే కదా. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ముందు ఏదో ఉందని కన్ను గుర్తించి కాలు బ్రేకు మీదికి చేరడానికి సెకనున్నర పట్టిందనుకున్నా 25 మీటర్లు అలాగే గడిచిపోతాయి. తడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 35. మొత్తం 60 మీటర్లు. చూపు 50 మీటర్ల కంటే తగ్గితే వాతావరణ శాఖ దాన్ని అతి దట్టమైన పొగమంచు అంటుంది. అంటే బండి ఆగే చోటు కంటి చూపు అవతల ఉంది! అదే 30లో వెళ్తే ఇరవయ్యొక్క మీటర్లలో ఆగుతుంది. వేగం సగమైతే బ్రేకు దూరం నాలుగో వంతుకు దిగుతుంది మరి. ఇది డ్రైవర్లకు తెలీక కాదు. హెడ్‌లైట్ డిమ్‌లో పెట్టాలి, హై బీమ్ వేస్తే పొగమంచు మీద పడి కళ్లలోకే తిరిగొస్తుందని వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏసీ లేని క్యాబిన్‌లో అద్దం లోపల ఆవిరి పట్టకుండా పక్క కిటికీ రెండు వేళ్లంత దించి, ఆ చలిగాలికి మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుంటారు. దాంతో హారన్ సరిగ్గా వినిపించదు. ఒక ఆపద తప్పించుకోబోతే ఇంకొకటి. క్యాపు చెవుల పైకి మడవమని చెబుదామంటే నా చెవులే ఒప్పుకోవు.

అసలు పోలిక చూడండి. ఈ రోడ్డు ఉత్తరపు కొసనే దమ్‌దమ్ విమానాశ్రయం. అక్కడ పైలట్‌కు రన్‌వే మీద చూపు ఎన్ని మీటర్లుందో కొలిచి చెబుతారు. సరిపోకపోతే విమానం ఆగుతుంది, మైకులో ప్రకటన వస్తుంది, వందల మంది కాఫీలు తాగుతూ కూర్చుంటారు. పైలట్ జీతం కోసేవాడు లేడు. రెండు కిలోమీటర్ల ఇవతల అదే పొగమంచులో బండెడు చేపలు మోసే మనిషికి మీటర్ల లెక్క చెప్పేవాడు లేడు, ఆలస్యమైతే ఆ రోజు కిరాయిలో కోత. 2016లో మొదలైన ‘సేఫ్ డ్రైవ్, సేవ్ లైఫ్’ బోర్డులు రోడ్డు పొడుగునా ఉన్నాయి. అవి డ్రైవర్‌తో మాట్లాడతాయి. తమరితో ఏ బోర్డూ మాట్లాడలేదు, అందుకే నేను రాయాల్సి వచ్చింది.

తమరి పలుకుబడి ఖండాంతరాల్లోనూ ఉందని 2021 ఫిబ్రవరి 11న రుజువైంది. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో, మా మేనల్లుడి ఊరి పక్కనే, రోడ్డు మీద కనబడని ఐసు పొర కట్టింది. తమరి వేళకే, పనులకు వెళ్లేవాళ్లూ పనుల నుంచి వచ్చేవాళ్లూ ఉన్న 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు పోయారు. అక్కడ ఐసు, ఇక్కడ పొగమంచు. రెండుచోట్లా వేళ తప్పకూడదన్న తొందర ఒకటే.

ఇక చేప పాడవుతుందన్న వాదన. అది మే నెలకు చెల్లుతుంది. ఐసు కరిగే వేగం బయటి వేడిని బట్టి ఉంటుంది. మే నెల తెల్లవారుజామున ఇక్కడ 27 డిగ్రీల దాకా ఉంటుంది, జనవరిలో పద్నాలుగు. అంటే మేలో గంట కాచిన ఐసు జనవరిలో రెండు గంటలు కాస్తుంది. అంతెందుకు, తమరి వేళకు అరుగెక్కిన చేప పదకొండింటి దాకా అక్కడే ఉండి అమ్ముడవుతుంది. అరుగు మీద అయిదు గంటలు ఆగగల చేప, ఐసులో రెండు మూడు గంటలు ఆగలేదా? పైగా పౌష మాసంలో ఇక్కడ పెళ్లిళ్లు చేయరు, మన ధనుర్మాసంలో లాగే. డిసెంబరు నడుమ నుంచి సంక్రాంతి దాకా పెళ్లి వంటవాళ్ల హడావిడి కూడా లేదు. పొగమంచు కాలమూ ముహూర్తాలు లేని కాలమూ ఇంత చక్కగా కలిసొచ్చాక తమరు పట్టుబట్టడం భావ్యం కాదు.

కనుక నా కోరిక చిన్నది. ఏడాదంతా తమరే ఏలుకోండి. దట్టమైన పొగమంచు కురిసిన పొద్దున మాత్రం, ఎదుటి దీపస్తంభం తర్వాతి దీపస్తంభం కనబడకపోతే, చేపల శాఖను తొమ్మిది గంటల వారికి అప్పగించి సెలవు తీసుకోండి. ఏడు గంటల వారికి వద్దు, ఆయన హయాంలో పొగమంచు ఒక్కోసారి తమరి హయాం కంటే ముదురుతుంది. అప్పగించే సంగతి ఆ తెల్లవారుజామునే దుకాణదారుకు ఫోన్‌లో చెప్పే ఏర్పాటు ఉండాలి. ఆలస్యానికి కిరాయి కోయరాదని కూడా ఆజ్ఞ వేయండి. అది లేకపోతే మిగతావన్నీ కాగితం మీదే ఉంటాయి. బాబుగారికి నేను నచ్చజెబుతాను. ఆయనతో ఓపిగ్గా మాట్లాడితే తిరిగి నాకే ఇలిష్ చేప గురించి గంటసేపు చెబుతారు, ఆ గంట కూడా కలిసొస్తుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
విధేయుడు,
న్యూ టౌన్ తెలుగువాడు

ప్రతి: ఉదయం తొమ్మిది గంటల వారికి, ఛార్జి తీసుకోవడానికి సిద్ధంగా ఉండవలసిందని.